పోయింది ప్యానెల్ కాదు, రెండు కెపాసిటర్లు: మానిటర్ సర్వీస్‌పై ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మినుకుమినుకుమంటున్న 22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్‌కు ప్యానెల్ మార్చాలని తప్పుడు అంచనా ఇచ్చిన సంగతి.

అయ్యా,

మీ మానిటర్ కొని 3 సంవత్సరాల 2 నెలలైంది. వారంటీ 3 సంవత్సరాలు. పొద్దున ఆన్ చేస్తే బొమ్మ రెండు సెకన్లు కనిపించి ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది, పావుగంట వేడెక్కాక కుదుటపడుతుంది. విజయవాడలోని మీ సర్వీస్ సెంటర్ వారు వెనక మూతైనా విప్పకుండా ప్యానెల్ (బొమ్మను చూపే తెర భాగం) పోయిందన్నారు. మార్చడానికి 6,800 రూపాయల అంచనా రాసి, పరీక్ష రుసుము 500 తీసుకున్నారు.

ప్యానెల్ బాగానే ఉంది. మానిటర్ సొంత మెనూ కూడా మినుకుమంటోంది కాబట్టి తప్పు కేబుల్‌లో, కంప్యూటర్‌లో లేదు. తెర ఆరిన క్షణంలో టార్చిలైటు ఏటవాలుగా వేసి చూస్తే డెస్క్‌టాప్ మీది ఐకాన్లు మసకగా కనిపిస్తూనే ఉన్నాయి. అంటే ప్యానెల్ బొమ్మను చూపిస్తూనే ఉంది, వెనక లైటుకు కరెంటు చాలడం లేదు. అర నిమిషం పట్టే ఈ పరీక్ష మీ వాళ్ళు చేయలేదు.

పవర్ బోర్డు మీద హీట్ సింక్‌ను (వేడిని లాగే లోహపు పలకను) ఆనుకుని, కరెంటును కాస్త నిల్వ చేసి నిలకడగా అందించే 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్లు రెండు ఉన్నాయి. ఒకదాని నెత్తి ఉబ్బి, గీతల దగ్గర గోధుమరంగు మరక కట్టింది. రెండోది చూడ్డానికి చదునుగా, కొత్తదానిలాగే ఉంది. ఊడదీసి కొలిస్తే మాత్రం 310 మైక్రోఫారడ్‌లే, ఈఎస్ఆర్, అంటే లోపలి నిరోధం, 4 ఓమ్‌లు. మంచిదైతే 0.1 ఓమ్ లోపే ఉండాలి. అందుకే లైటు వెలగగానే 16 వోల్టుల లైను 11కి జారుతోంది, వెనక లైటును నడిపే డ్రైవర్ ఐసీ దాన్ని ఆపేస్తోంది, వోల్టేజీ కోలుకోగానే మళ్ళీ మొదలెడుతోంది. వేడెక్కితే లోపలి ద్రవం నిరోధం తగ్గుతుంది కనుకే పావుగంటకు సర్దుకుంటోంది.

రెండింటి మీదా 85 డిగ్రీలు, 2000 గంటలు అని ఉంది, అంటే ఆ వేడిలో వాటి ఆయుష్షు అంత. మూత వేసి గంట నడిపాక ఆ చోట వేడి 65 డిగ్రీలు. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అని ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ వేసే లెక్క ప్రకారం 8000 గంటలు. రోజుకు ఏడు గంటలు వాడితే వారంటీ దాటిన నెలన్నరకే అయిపోతాయి. అదే చోట 105 డిగ్రీల రకం వేసి ఉంటే 32,000 గంటలు, అంటే పన్నెండేళ్ళ పైమాట. ధరలో తేడా కొద్ది రూపాయలే. ఇది మమ్మల్ని ఎక్కువగా బాధించిన విషయం.

105 డిగ్రీల, తక్కువ ఈఎస్ఆర్ రకం రెండు వేశాక మానిటర్ నిలకడగా నడుస్తోంది. ఖర్చు 40 రూపాయలు. గీత ఉన్న వైపు నెగెటివ్, బోర్డు మీది గుర్తుతో సరిపోవాలి, హీట్ సింక్‌కు తగలకూడదు. అనుభవం లేనివారు మూత విప్పవద్దని మీరు చెప్పేది సబబే. ప్లగ్ పీకినా పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. 2.2 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఆ వోల్టేజీని దింపి, మీటర్‌లో సున్నా చూసుకున్నాకే బోర్డు ముట్టుకోవాలి. ఆ జాగ్రత్త తెలిసిన టెక్నీషియన్లు మీ దగ్గరే ఉన్నారు కదా, వారి చేత ఈ పని ఎందుకు చేయించరు?

తీసుకున్న 500 రూపాయలు తిరిగి ఇప్పించండి. ప్యానెల్ అంచనా రాసే ముందు టార్చి పరీక్ష, పవర్ బోర్డు పరీక్ష తప్పనిసరి చేయండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో తెరిచిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో ఈ మోడల్ సర్క్యూట్ పటం, పవర్ బోర్డు విడి ధర పెట్టండి. కొత్త తయారీలో ఆ రెండు చోట్లా 105 డిగ్రీల రకమే వాడండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాం. బిల్లు, మీ అంచనా కాగితం, కెపాసిటర్ల ఫోటోలు జతచేశాం. ఊడదీసిన రెండు కెపాసిటర్లూ మా దగ్గరే భద్రంగా ఉన్నాయి, మీ ఇంజినీరు వచ్చి కొలుచుకోవచ్చు.

ఇట్లు,
మీ వినియోగదారులు,
విజయవాడ