రుషికుల్య ట్రిప్పుకి అడ్వాన్సు కట్టే ముందు

మా ట్రావెల్స్ కస్టమర్లందరికీ ఒడిశాలోని బరంపురం నుంచి నమస్కారం. శ్రీకాకుళం, విశాఖ, హైదరాబాద్‌ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అడిగేది ఒకటే: "తాబేళ్లు ఏ తేదీకి వస్తాయండీ? ఆ తేదీకి రూములు వేసేయండి."

ఆ తేదీ ముందుగా ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్లుంటే నమ్మకండి. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి గుంపుగా వచ్చి గుడ్లు పెట్టేది మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2023లో 6 లక్షలు దాటాయి. 2024లో గుంపు రానేలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. మరి ఈసారి సంగతి నేనెలా రాసివ్వను?

అందుకే ఇకమీదట గుడ్ల సీజనుకి అడ్వాన్సు తీసుకోం. పేరు రాయించుకోండి. గుంపు ఒడ్డెక్కిన రోజే ఫోన్ చేస్తాం. ఆ సందడి కొన్ని రాత్రులే ఉంటుంది కాబట్టి వెంటనే రైలెక్కగలిగినవాళ్లకే ఇది కుదురుతుంది. సెలవులు చూసుకోవాల్సినవాళ్లు ఏప్రిల్‌కి రండి. గుడ్లు పెట్టాక సుమారు 45 నుంచి 50 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, లెక్క కట్టి చెప్పగలం. నన్నడిగితే అదే మంచి ట్రిప్పు. కాకపోతే అప్పటికి చిలిక సరస్సులో వలస పక్షులు చాలావరకు వెళ్లిపోతాయి. ఆ సరస్సు ఒడ్డునున్న రంభ ఊళ్లో పడవెక్కినా చలికాలంలో కనిపించినన్ని కనబడవు.

తల్లి తాబేలు వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంత తవ్వి, వందకి పైనే గుడ్లు పెడుతుంది. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ధబ్ ధబ్‌మని కొట్టి గట్టి చేస్తుంది. చీకట్లో పక్కన నిలబడితే ఆ చప్పుడు పాదాలకి తెలుస్తుంది. అలాంటి చోట ఫోన్ లైటు వేస్తే ఒడ్డెక్కబోయే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. తాబేలు పిల్లలకైతే మరీ ప్రమాదం. అవి వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. సముద్రం వదిలేసి రోడ్డు దీపాల వైపు వెళ్లిపోయినవాటిని పల్లెల కుర్రాళ్లు ఏరి బకెట్లలో తెచ్చి నీళ్లలో వదులుతారు. కాబట్టి మాతో వచ్చేవాళ్లు ఫోన్లు బండిలో పెట్టి దిగాలి. ఫారెస్టువాళ్లు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలి. ఇది కుదరదంటే మీరు ఎంత పాత కస్టమరైనా తీసుకెళ్లలేను, ఏమీ అనుకోవద్దు.

రేటు పెరిగింది. కారణం చెప్తాను. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగ చుట్టూ 20 కిలోమీటర్ల మేర సముద్రంలో వేట నిషేధం. ఇక్కడ మన భాష మాట్లాడే జాలర్లు, నోలియాల ఇళ్లకి ఆ నెలలు గడ్డుకాలం. తాబేళ్లు బతకాలంటే నష్టం వాళ్లొక్కళ్లే భరించాలా? అందుకని దారి చూపడానికీ, వంటకీ ఆ పల్లెలవాళ్లనే పెట్టుకుంటున్నాం. పెరిగిన డబ్బు వాళ్ల కూలికే.

తాబేళ్లు రాకపోయినా ట్రిప్పు ఆగదు. తెల్లారేసరికి ఇదే గంజాం జిల్లాలోని భేట్నోయి ఊరి పొలాల్లో కృష్ణజింకలు మేస్తుంటాయి. పంట తిన్నా అక్కడి రైతులు తరమరు. అవి తిరిగితే వానలు పడతాయని వాళ్ల నమ్మకం. మన ఆంధ్ర రాష్ట్ర జంతువుని ఇంత దగ్గరగా చూసేది పొరుగు రాష్ట్రంలో! మర్నాడు గజపతి జిల్లాలో మహేంద్రగిరి కొండ. ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడి గుడి పెద్ద పెద్ద బండరాళ్లతో కట్టింది. చివరి ఎక్కుడు నడకే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెప్పండి, వాళ్లకి ఆ రోజు గోపాల్‌పూర్ బీచ్ చూపిస్తాం.

పేరు, ఊరు, ఎంతమందో వాట్సాప్ చేయండి. ఫిబ్రవరి పిలుపుకి రాగలరా, ఏప్రిలే కావాలా అన్నది కూడా రాయండి. పిల్లలుంటే వాళ్ల వయసు తప్పకుండా రాయండి, రాత్రి ఇసుకలో చాలా దూరం నడవాలి.