క్యాంప్ సైట్ మార్చారు సరే, ఒక్క మనిషైనా ఫోనెత్తి మాట్లాడరా?

కస్టమర్ కేర్ వాళ్ళకి,

ఇది మీకు నా 5వ మెయిల్. మొదటి నాలుగూ ఇంగ్లీషులో రాశా, ఉలుకూ లేదు పలుకూ లేదు. మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళ కోసం తెలుగువాళ్ళమే నడుపుతున్నాం అని యాడ్ వేసుకున్నారు కదా, అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నా, చూద్దాం.

ఈస్టర్ సెలవులకి గ్రాంపియన్స్ కొండల్లో 4 రాత్రులు బుష్ క్యాంప్ సైట్ బుక్ చేశాను. బుష్ క్యాంప్ అంటే ఏంటో నాకు తెలుసండీ, కరెంటుండదు, షవరుండదు, గుంట టాయిలెట్టు, తాగే నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. వాటి గురించి నాకు ఏ పేచీ లేదు. హాల్స్ గ్యాప్ ఊరి పక్కనే సైటు కావాలని ఎందుకు పట్టుబట్టానంటే, విజయవాడ నుంచి అమ్మానాన్నా వచ్చారు, నాన్నకి మోకాళ్ళు సహకరించవు. బోరోకా లుకౌటూ, రీడ్ లుకౌటూ అయితే కారు దిగి నాలుగడుగులేస్తే చాలు. పొద్దున ఒకటి చూసి, టెంటుకొచ్చి ఇంత అన్నం తిని, నాన్న కాస్త నడుం వాల్చాక సాయంత్రం ఇంకోటి చూసి, చీకటి పడేలోపు వెనక్కొచ్చేయాలి. ఏప్రిల్లో ఆరున్నర దాటితే చీకటి, ఆ టైముకి కంగారూలు రోడ్ల మీదకొస్తాయి, పెద్దవాళ్ళని పెట్టుకుని అప్పుడు డ్రైవింగ్ ఎందుకు అని. ఇదంతా బుకింగ్ రోజే మీ అబ్బాయికి చెప్పా. "నోట్ చేసుకున్నా అన్నా" అన్నాడు. ఎక్కడ చేసుకున్నాడో మరి.

బయల్దేరే ముందురోజు రాత్రి మెసేజొచ్చింది, సైట్ "అప్‌డేట్" అయిందట. చూస్తే డన్‌కెల్డ్ అనే ఊరి వైపు, కొండల వరసకి దక్షిణం కొసన! హాల్స్ గ్యాప్ నుంచి 60 కిలోమీటర్ల పైనే. వెంటనే ఫోన్ చేస్తే 40 నిమిషాలు మ్యూజిక్ విన్నాక ఒకమ్మాయి ఎత్తి "అన్నీ గ్రాంపియన్సే కదా సర్" అంది. అవునమ్మా, విజయవాడా గుంటూరూ కూడా ఆంధ్రానే. ఇంకో ఆయనకి కలిపింది, ఆయన "సిస్టమ్‌లో హాల్స్ గ్యాప్ అనే చూపిస్తోంది సర్, మీరు హాల్స్ గ్యాప్‌లోనే ఉంటారు" అని నన్నే నమ్మించబోయాడు. మూడో ఆయన ఇంకా గొప్పోడు, అక్కడ మౌంట్ స్టర్జన్, మౌంట్ అబ్రప్ట్ ఉన్నాయి, ఎక్కండి, వ్యూ సూపర్ అన్నాడు. మోకాళ్ళ గురించి అప్పటికి ఐదు నిమిషాల నుంచి చెప్తున్నా!

పెద్దవాళ్ళు సంచులు సర్దుకుని కూర్చున్నారు కాబట్టి పోనీలే అని వెళ్ళాం. 24 గంటల్లో మేనేజర్ కాల్ చేస్తారన్నారు. క్యాంప్‌లో సిగ్నల్ లేదని, ఫలానా టైముకి ఊళ్ళోకొచ్చి ఉంటానని మెసేజ్ కూడా పెట్టా. రెండు రోజులు, పూటకోసారి డన్‌కెల్డ్ వెళ్ళి కార్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నా. మూడో రోజు మీ మెయిలు: "మిమ్మల్ని సంప్రదించడానికి ప్రయత్నించాం, మీరు అందుబాటులో లేరు, మీ కంప్లైంట్ టికెట్ క్లోజ్ చేశాం." ఎప్పుడు చేశారండీ, రాత్రి రెండింటికా? కింద మళ్ళీ మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఐదు చుక్కలు. కొండలు చూడ్డానికి బేస్ అనుకున్న క్యాంపు మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసుకునే బేస్ అయింది. నాన్న బోరోకా చూశారు, ఒకేఒక్కసారి, వెళ్ళి రావడానికే సగం రోజు పోయింది. పాపం ఆయన ఏమీ అనలేదు, "ఆ ఫోను పక్కన పెట్టరా, చపాతీ చల్లారిపోతోంది" అన్నారంతే.

మూడేళ్ళుగా మీ దగ్గరే బుక్ చేస్తున్నా. విల్సన్స్ ప్రామ్ ట్రిప్పు మీతోనే, ఆట్వేస్ ట్రిప్పు మీతోనే. మా ఆఫీసులో ఆరు ఫ్యామిలీలకి మీ నంబరిచ్చింది నేనే, అప్పుడు మాత్రం రెండో రింగుకే ఎత్తేవాళ్ళు. డబ్బులు వెనక్కిస్తారో, సగమిస్తారో, పెట్రోలు ఖర్చన్నా ఇస్తారో మీ ఇష్టం, కానీ ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పకపోతే కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాకి వెళ్తా, అక్కడా తేలకపోతే వీక్యాట్ అనే ట్రిబ్యునల్‌లో కేసేస్తా, ఆ ఆరు ఫ్యామిలీలకీ ఈ మెయిలే ఫార్వర్డ్ చేస్తా. వాట్సాప్ గ్రూపుల సంగతి మీకు తెలియంది కాదు.

నాన్న వచ్చే నెల ఇండియా వెళ్ళిపోతున్నారు. ఆలోపు ఒక మనిషి, కంప్యూటర్ గొంతు కాదు, మనిషి, ఫోన్ చేసి ఆయనతో మాట్లాడండి. బుకింగ్ నంబర్ మళ్ళీ ఇవ్వను, ముందు మెయిల్స్‌లో నాలుగుసార్లు ఇచ్చా, వెతుక్కోండి. ఇంట్లోనే ఉన్నాం, సిగ్నల్ ఫుల్లుగా ఉంది.

ఇట్లు,
మీ "విలువైన కస్టమర్"