మన కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధి దీపాలు, వినాయక చవితి ఖర్చులన్నీ జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. వాటి మీద అడగాల్సినవి సభలో అడగండి. ఈ నివేదికలో ఎక్కువగా చెప్పేది పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు అప్పగించిన కొత్త పని గురించి: తాగుడు మానాలనుకునేవాళ్లకు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల దారి చూపడం. ఎంతమందిని పంపారు, అందులో ఎంతమంది మానేశారు అని చాలామంది అడుగుతున్నారు. ఎవరి పేరూ బయటపడకూడదని ఆ లెక్క మేం రాసుకోలేదు, ఇకమీదట కూడా రాయం.

2024 అక్టోబర్ 16న ప్రైవేటు మద్యం షాపులు తెరిచాక 99 రూపాయలకే క్వార్టర్ చేతికొస్తోంది. తిరుమలలో మద్యం నిషేధం. కొండ దిగితే సంగతి మనకు తెలిసిందే. అలాగని మానాలన్న పట్టుదల మనవాళ్లకు లేక కాదు. కొండకు పోయి గుండు చేయించుకుని ఒట్టేసినవాళ్లున్నారు, అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లూ ఉన్నారు. మాల తీసిన సాయంత్రమే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే గురుస్వామి, భజన, తోటి స్వాములు మర్నాటి నుంచి పక్కన ఉండరు.

ఆ తోడు ఏడాది పొడుగునా దొరికే చోటు ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లు పేరు బయటపెట్టుకోకుండా కలిసి కూర్చుని తమ అనుభవాలు చెప్పుకునే సంఘం. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒకరు షేర్ల వ్యాపారి, ఒకరు సర్జన్, దీన్ని మొదలుపెట్టారు. 1957లో బొంబాయికి వచ్చింది. ఫీజు లేదు, ఫారం లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. జన్మలో తాగనని ప్రమాణం చేయించరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉందాం అంటారు. దేవుడి మాట వస్తుంది గానీ, ఎవరికి తోచిన దేవుడు వారికే. అందుకే ఏ మతం వాళ్లకైనా ఇబ్బంది ఉండదు.

మీటింగ్ ఎక్కడుందో కనుక్కోవడమే పెద్ద పని. నెట్‌లో దొరికిన ఒక చిరునామాకు మా కమిటీ సభ్యుడు వెళ్తే తలుపుకు తాళం. పక్కన టీ కొట్టాయన “వాళ్లు ఎప్పుడో మారిపోయినారు సామీ” అన్నాడు. అప్పటి నుంచి ముందు ఫోన్ చేసి రోజు, టైము, మాట్లాడే భాష, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా అని అడిగాకే ఎవరినైనా పంపుతున్నాం. ఓపెన్‌కు ఇంట్లోవాళ్లూ వెళ్లొచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. బయటికి రావడానికి సిగ్గుపడేవాళ్లు ముందు ఆన్‌లైన్ మీటింగులో కెమెరా ఆపేసి వినొచ్చు.

మన కమ్యూనిటీ హాలును వారానికో సాయంత్రం ఏఏ వాళ్లకు ఉచితంగా ఇస్తామన్నాం. ఊరికే అయితే వద్దన్నారు. బయటివాళ్ల డబ్బు, విరాళం పుచ్చుకోకూడదని వాళ్ల నియమమట. అందరూ తలా కొంచెం వేసుకుని అద్దె కడుతున్నారు. అసలు గొడవ గేటు దగ్గర వచ్చింది. మన వాచ్‌మన్ అలవాటు ప్రకారం రిజిస్టరు ముందుకు తోసి ‘పేరు, ఎవరింటికి, ఏం పని’ రాయమన్నాడు. హెల్మెట్ కూడా తీయకుండా ఒకాయన ఆ గళ్లు చూసి, పెన్ను అక్కడే పెట్టి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు మీటింగ్ జరిగే గంటన్నర సేపు రిజిస్టరు మూసి ఉంచుతున్నాం. హాలు గుమ్మం వైపున్న సీసీ కెమెరాను సైకిల్ స్టాండు వైపు తిప్పాం. భద్రత సంగతేంటని కమిటీలో ఇద్దరు గట్టిగా వాదించారు. వాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో రాశాం, కెమెరా మాత్రం అటే ఉంది. తమాషా ఏమిటంటే, మన కాలనీవాళ్లు మన హాలుకు రారు. వేరే పేటలో మీటింగుకు పోతారు, ఆ పేటవాళ్లు ఇక్కడికొస్తారు. అదే మంచిది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానితే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడంతో ఆగదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనబడొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి ముందు డాక్టరు, తర్వాత మీటింగ్. రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లండి, లేదా వ్యసన విముక్తి కోసం 14446కు, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రెండూ ఉచితమే. తాగే మనిషికి తెలియకుండా అన్నంలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర కలిపి పెట్టడం మాత్రం చేయకండమ్మా. డైసల్ఫిరామ్ లోపల ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. అది డాక్టరు చెప్పి, ఆ మనిషి ఒప్పుకున్నాకే వేసుకోవాల్సిన మందు.

“అన్నా, మా ఆయన పేరు మీ పుస్తకంలో ఎక్కదు కదా?” అని ఒక చెల్లెమ్మ మూడుసార్లు అడిగాకే నోరు విప్పింది. ఆయన ఇంకా మీటింగుకు కదల్లేదు. ఆమెకు కూడా ఒక చోటు కావాలి. తాగేవాళ్ల ఇళ్లవాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ ఉంది. తాగే మనిషి మానినా మానకపోయినా వాళ్లు వెళ్లొచ్చు. ఆడవాళ్లకు పగటి పూట వీలయ్యే గది, అదీ మన కాలనీకి దూరంగా, చూడాలని వచ్చే ఏటికి ప్రతిపాదిస్తున్నాం. మీటింగులకు వెళ్లేవాళ్ల ఆటో ఖర్చుల కింద కొంత మొత్తం కేటాయించడానికీ సభ ఆమోదం కోరుతున్నాం. రసీదుల మీద పేర్లుండవు కాబట్టి ఆ పద్దును కోశాధికారి ఒక్కరే చూసేలా తీర్మానం చేయాలి.

ఇట్లు,
కార్యదర్శి