21 రోజుల సూది మండలంలోనే దొరకాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

గుండె జబ్బుల మీద పత్రికల్లో ఈమధ్య చాలా వస్తున్నాయి. కొలెస్ట్రాలు, స్టెంట్లు, జిమ్‌లో కుప్పకూలిన కుర్రాళ్లు. అవన్నీ అవసరమే, నేనూ శ్రద్ధగా చదువుతాను. ప్రభుత్వాసుపత్రి గుండె వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని కాబట్టి, ఆ వార్తల్లో పెద్దగా కనబడని ఇంకో జబ్బు గురించి రాస్తున్నాను. అది రుమాటిక్ గుండె జబ్బు. ఎక్కువగా పేదిళ్ల పిల్లలకే వస్తుంది. గొంతు నొప్పితో మొదలై, కీళ్ల మీదుగా గుండెకు చేరుతుంది. ఆపే మందు ఉంది, 21 రోజులకోసారి వేసే పెన్సిలిన్ సూది, చవకైనదే. ఆ మందు కోసం పిల్లల్ని పట్నాల దాకా తిప్పాల్సి రావడమే నా బాధ.

5 నుంచి 15 ఏళ్ల వయసులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు వాస్తుంది. నాలుగు రోజుల్లో దానంతటదే తగ్గిపోతే అందరూ మరిచిపోతారు. రెండు మూడు వారాలయ్యాక జ్వరం, మోకాలు వాపు. అది తగ్గేసరికి చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. ఇదే కీళ్లవాతం జ్వరం. బ్యాక్టీరియాను చంపడానికి ఒంట్లో పుట్టిన రక్షణ శక్తి పొరపాటున గుండె వాల్వుల మీద, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపుల మీద కూడా పడుతుంది, ఎందుకంటే రెండింటిలోనూ కొన్ని ప్రోటీన్లు ఒకేలా ఉంటాయి. కీళ్ల నొప్పులు వచ్చిన దారినే పోతాయి. వాల్వుకు తగిలిన దెబ్బ మాత్రం చాలామందిలో మిగిలిపోతుంది. మళ్లీ గొంతు నొప్పి, మళ్లీ జ్వరం, మళ్లీ అక్కడే దెబ్బ.

ఆ దెబ్బ ఎంతటిదో తెలియాలంటే గుండె చేసే పని కాస్త తెలియాలి. గుండెలో నాలుగు గదులు, నాలుగు వాల్వులు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం కుడివైపు గదుల్లోంచి ఊపిరితిత్తులకు వెళ్లి, ఆక్సిజన్ తీసుకుని ఎడమవైపు పై గదికి వస్తుంది. అక్కణ్ణుంచి కింది గదిలోకి దిగాక, ఆ గది గట్టిగా నొక్కి ఒంటికి పంపుతుంది. నిమిషానికి దాదాపు 5 లీటర్లు. రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్నదే మైట్రల్ వాల్వు. రుమాటిక్ జబ్బు ఎక్కువగా పట్టేది దీన్నే. పలచటి రెక్కలు రెండు, వాటిని కింది గది కండకు కట్టి ఉంచే సన్నటి తంతువులు. ఆ తంతువులు లేకపోతే గది నొక్కినప్పుడల్లా రెక్కలు పైకి తిరగబడిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఈ దారి 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. జబ్బు ముదిరితే రెక్కల అంచులు అతుక్కుపోతాయి, మందమవుతాయి, తంతువులు కురచబడతాయి. దారి ఒకటిన్నర చదరపు సెంటీమీటరుకు వచ్చిందంటే రక్తం కిందికి దిగడం కష్టమై వెనక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. అక్కడ ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. పిల్లల్లో అయితే మొదట ఎక్కువగా వాల్వు సరిగా మూసుకోక రక్తం వెనక్కి చిమ్ముతుంది.

కింది గదిలోకి రక్తం దిగేది గుండె వదులైన ఆ కాస్త సేపే. గుండె వేగం పెరిగితే ముందు తగ్గిపోయేది ఆ సమయమే. అందుకే కూర్చున్నప్పుడు బాగానే ఉన్న అమ్మాయి నీళ్ల బిందెతో పది మెట్లెక్కితే రొప్పుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. చాలామంది ఆడపిల్లలకు జబ్బు ఉన్నట్టు అప్పుడే బయటపడుతుంది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో పడుకోలేక, రాత్రంతా గోడకానుకుని కూర్చుని, తెల్లారాక మా వార్డుకు వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. అంతకుముందు ఏళ్ల తరబడి ఉబ్బసమని మందులు వాడినవాళ్లూ వాళ్లలో ఉండేవారు.

ఇంత దూరం రాకుండా ఆపేది 21 రోజులకోసారి వేసే బెంజథీన్ పెన్సిలిన్. మా దగ్గర అందరూ పెనిడ్యూర్ అనే అంటారు. వాల్వుకు దెబ్బ తగలని పిల్లలకు కనీసం 5 ఏళ్లు వెయ్యాలి. తగిలినవాళ్లకు చాలా ఏళ్లు, కొందరికి 40 ఏళ్లు వచ్చేదాకా. ఉగాండాలో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు 800 మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఒకటి 2021లో వెలువడింది. వాళ్ల జబ్బు ఎకో పరీక్షలో (గుండెకు తీసే స్కానింగులో) మాత్రమే కనబడేంత తొలిదశలో ఉంది. నెలనెలా ఇంజెక్షన్ పడ్డవాళ్లలో రెండేళ్లలో జబ్బు ముదిరింది నూటికి ఒక్కరి కంటే తక్కువ మందికి. పడనివాళ్లలో 8 మందికి.

ఇవ్వడం మాత్రం తేలిక కాదు. సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపి రెండు అరచేతుల మధ్య దొర్లిస్తే చిక్కగా పాలలా అవుతుంది. సన్న సూది పనికిరాదు, ఆలస్యం చేస్తే మందు సూదిలోనే అడ్డుపడి మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. లోతుగా గుచ్చి, నెమ్మదిగా ఎక్కించాలి. పిల్ల ఆ రోజంతా కుంటుతుంది. "నొప్పులు ఎప్పుడో తగ్గిపోయాయి కదా సిస్టరమ్మా, ఇంకా ఎన్నాళ్లు పొడిపించాలి దీన్ని?" అని తల్లులు అడిగేవారు. కొండ మీద ఊరి నుంచి రెండు బస్సులు మారి, కూలి పోగొట్టుకుని, పిల్లకు బడి మాన్పించి వచ్చినవాళ్లు అడగక ఏం చేస్తారు? దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్తే, "రియాక్షన్ వస్తే మాకు టెన్షన్, పెద్దాసుపత్రికే వెళ్లండి" అని పంపించేశారని చెప్పేవారు. అలా తిరిగి తిరిగి మధ్యలో మానేసిన పిల్లలే కొన్నేళ్లకు ఆయాసంతో మళ్లీ మా దగ్గరికి వచ్చేవారు.

ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. పెన్సిలిన్ రియాక్షన్ ప్రాణం మీదికి తేగలదు. కానీ చాలా అరుదు. ముందు అలర్జీ సంగతి అడగడం, టెస్ట్ డోసు వెయ్యడం, రియాక్షన్‌కు విరుగుడైన అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకోవడం, ఆ తర్వాత అరగంట కూర్చోబెట్టడం, ఇవన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) చెయ్యగలిగినవే. టీకాలు వేసేచోట అడ్రినలిన్ ఎలాగూ ఉండాలి. వాల్వు బాగా పాడై గుండె నీరసించినవాళ్లకు సూదికి బదులు మాత్రలు మేలని పెద్ద డాక్టర్లు నిర్ణయిస్తారు. మిగతా పిల్లల్ని ఎందుకు తిప్పాలి?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకు వాల్వు ఆపరేషన్లు ఉచితంగా జరుగుతున్నాయి. ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో నాకు తెలుసు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారైన వాల్వును 1990లో మొదటిసారి అమర్చాక మన దేశపు వాల్వే అందుబాటులోకి వచ్చింది. అయితే లోహపు వాల్వు పెట్టించుకున్న పిల్ల జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు మింగాలి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవాలి, పెళ్లయ్యాక గర్భం వస్తే అదో గండం. లక్షలు పెట్టి ఆపరేషన్ చేయించే ప్రభుత్వం, ఆపరేషన్ దాకా రానివ్వని సూదిని మండలంలో ఉంచలేదా?

ప్రతి పీహెచ్‌సీలోనూ మందు, దాన్ని కలిపే నీళ్లు, అడ్రినలిన్ ఉంచి వారంలో ఒక రోజు దీనికి కేటాయించాలి. నర్సులకు శిక్షణ ఇవ్వాలి. బడి పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచే ఉంది, దాని జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బూ ఉంది. అక్కడ బయటపడ్డ పిల్లల పేర్లు ఊరి ఏఎన్ఎం చేతికి చేరాలి, సూది తప్పినవాళ్ల ఇంటికి ఆమె వెళ్లాలి. వలస కుటుంబాల సంగతి ఇంకా కష్టం. తల్లిదండ్రులతో హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లిపోయిన పిల్లకు అక్కడ సూది ఎవరు వేస్తారు? ఎక్కడ చూపించినా చెల్లే కార్డు ఇవ్వాలి. ఇరుకు గదుల్లో పక్కపక్కన పడుకునే హాస్టల్ పిల్లల్లో ఈ గొంతు జబ్బు తేలిగ్గా పాకుతుంది. ప్రతి గొంతు నొప్పీ ఇది కాదు, సొంతంగా యాంటీబయాటిక్ మింగించమనీ చెప్పడం లేదు. అయితే 9 రోజుల లోపు సరైన మందు పడితే కీళ్లవాతం జ్వరం రాకుండా ఆపవచ్చు కనుక, వార్డెన్లు అలాంటి పిల్లల్ని వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఏ జిల్లాలో ఏ పీహెచ్‌సీలో ఈ ఇంజెక్షన్ వేస్తున్నారో రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలూ జాబితా ప్రకటించాలి. వేయని చోట ఎప్పటి నుంచి వేస్తారో కూడా చెప్పాలి. ఆ జాబితా వచ్చిన రోజు జిల్లా పేజీలో అచ్చు వేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, విజయనగరం జిల్లా