మా ల్యాబ్‌లో పీకెగ్జెక్ లొసుగు పూడ్చిన అన్నకు, తమ్ముళ్లకు కృతజ్ఞతలు

తిరుపతి బాలాజీ కాలనీలోని మా కంప్యూటర్ ల్యాబ్‌లో 38 ఉబుంటు మెషీన్లకు ఉన్న పెద్ద లొసుగు ఈ ఆదివారంతో పూడింది. చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అన్నకు, రాత్రి దాకా ఆయనతోనే కూర్చున్న ఇద్దరు తమ్ముళ్లకు చేతులెత్తి నమస్కారాలు. పేర్లు రాయొద్దన్నారు. చేసిన పని మాత్రం రాస్తున్నాం, ఊళ్లోని మిగతా ల్యాబుల వాళ్లకూ అక్కరకొస్తుంది.

లొసుగు పీకెగ్జెక్‌లో ఉంది. ఎవరికి ఏ హక్కుందో చూసే పోల్‌కిట్‌తో పాటు వచ్చే ప్రోగ్రాం ఇది, వేరే ప్రోగ్రాములను రూట్ హక్కులతో, అంటే మెషీన్ మీద పూర్తి అధికారంతో, నడపడానికి. లొసుగుల పట్టీలో దీని నంబరు సీవీఈ-2021-4034. క్వాలిస్ అనే భద్రతా సంస్థ దీన్ని 2022 జనవరి 25న బయటపెట్టింది గానీ, 2009 మేలో పీకెగ్జెక్ పుట్టినప్పటి నుంచీ తప్పు అందులోనే ఉంది. ప్రోగ్రాం పేరు కూడా ఇవ్వకుండా, ఆర్గ్యుమెంట్ల (ప్రోగ్రాంకు అందించే మాటల) జాబితా ఖాళీగా పెట్టి నడిపితే, పీకెగ్జెక్ లేని ఆర్గ్యుమెంటు కోసం మెమరీలో పక్కనున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లలోకి (నడిపేవాడు పెట్టే సెట్టింగుల్లోకి) పోతుంది. చదవడంతో ఆగదు, అక్కడే రాసేస్తుంది కూడా. రూట్ ప్రోగ్రాములకు అందకుండా సిస్టమ్ ముందే తీసేసే జీకాన్వ్ పాత్ వేరియబుల్ (కొన్ని లైబ్రరీలు, అంటే కోడ్ ఫైళ్లు, ఎక్కడ వెతకాలో చెప్పేది) ఆ సందులోంచి మళ్లీ లోపలికొస్తుంది. ఇక మామూలు లాగిన్ ఉన్న పిల్లోడు తన లైబ్రరీని రూట్ హక్కులతో నడిపించేయొచ్చు. పాస్‌వర్డ్ అవసరమే లేదు.

పోల్‌కిట్ సర్వీసు ఆపేస్తే చాలనుకున్నాం. చాలదని అన్న మొదటే చెప్పారు, ఆ సర్వీసు నడవకపోయినా పీకెగ్జెక్ లొసుగు పనిచేస్తూనే ఉంటుంది. నెట్ సరిగా రాని మెషీన్లలో ముందుగా రూట్‌గా సీహెచ్‌మాడ్ 0755 ఆదేశం కొట్టి సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా ఫైలు యజమాని, ఇక్కడ రూట్, హక్కులతో నడిచేలా చేసే గుర్తు) తీసేశారు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌లో చూస్తే తేడా కంటికే తెలుస్తుంది: పేరు మీదున్న ఎర్ర పట్టీ పోయి పచ్చ రంగు వస్తుంది, హక్కుల్లో నాలుగో అక్షరం ‘ఎస్’ కాస్తా ‘ఎక్స్’ అవుతుంది. పీకెగ్జెక్ మీద ఆధారపడే జీపార్టెడ్ (డిస్కు భాగాలు చేసేది) లాంటివి అప్పటికి తెరుచుకోవు, రూట్ హక్కులిచ్చే మరో ఆదేశం సుడో మామూలుగానే పనిచేస్తుంది. తర్వాత ఒక్కో మెషీన్‌లో ఆప్ట్ ఆదేశంతో, పీకెగ్జెక్ ఉండే పాలసీకిట్-1 ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేశారు.

మేం బోల్తా పడింది వెర్షన్ దగ్గర. పీకెగ్జెక్‌ను వెర్షన్ అడిగితే సరిచేయక ముందూ 0.105 అంటుంది, సరిచేశాకా 0.105 అనే అంటుంది. డీపీకేజీ-ఎల్ ఆదేశం కొట్టి ప్యాకేజీ పూర్తి నంబరు చూడాలి: ఉబుంటు 18.04లో 0.105-20ఉబుంటు0.18.04.6, 20.04లో 0.105-26ఉబుంటు1.2, లేదా అంతకన్నా కొత్తది.

అసలు దెబ్బ మాస్టర్ ఇమేజ్‌లో, అంటే అన్ని మెషీన్లకూ కాపీ చేసే మూల ప్రతిలో, ఉంది. సెమిస్టర్ మారినప్పుడల్లా పాత ఇమేజ్ నుంచే క్లోన్ చేస్తుంటే, చేసిన అప్‌డేట్లన్నీ చెరిగిపోయి లొసుగు తిరిగి వచ్చేది. ఈ సంగతి పట్టింది తమ్ముళ్లే. ఫైండ్ ఆదేశంతో సెట్‌యూఐడీ ఉన్న పీకెగ్జెక్‌లన్నీ వెతికి, హక్కులతో సహా కాపీ చేసే ఆర్‌సింక్-ఏతో తీసిన బ్యాకప్ పార్టిషన్‌లో పాత కాపీ ఇంకా ఎర్ర పట్టీతోనే ఉందని చూపించారు. అక్కడి నుంచి నడిపినా ప్రమాదం అంతే. దాన్నీ తీసేశారు.

ప్యాచ్ వేస్తే ముందే చొరబడినవాడు బయటికి పోడు కదా. అందుకే లాగిన్లు, హక్కుల వాడకం నమోదయ్యే ఆథ్ లాగ్‌లో, జిప్ చేసిన పాత లాగుల్లో పీకెగ్జెక్ అన్న మాట కోసం గాలించారు. షెల్ వేరియబుల్ విలువ ఎట్‌సీ షెల్స్ ఫైల్లో దొరకలేదన్న ఫిర్యాదు గానీ, అనుమానాస్పద విలువ అన్న ఫిర్యాదు గానీ ఉంటే ఎవరో ప్రయత్నించారని అర్థం. ఆనవాలు లేకుండా చేసే పద్ధతీ ఉంది కాబట్టి లాగ్ శుభ్రంగా ఉందని వదల్లేదు. పాస్‌వర్డ్ ఫైల్లో రూట్ అధికారమిచ్చే యూఐడీ (యూజర్ నంబరు) సున్నా ఒక్క రూట్‌కే ఉందా, సుడో గ్రూపులో ఎవరున్నారు, టైముకి తనంతట నడిచే పనుల జాబితా క్రాన్‌లో ఏముంది, దూరం నుంచి రూట్‌గా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు ఎవరివి అని 38 మెషీన్లలోనూ చూశారు. ఎవరు కూర్చుంటారన్నా ఇంత ఓపికగా, సెలవు రోజున?

అన్నా, కొత్త ఇమేజ్ మీద తేదీ, ప్యాకేజీ నంబరు రాసి బీరువాలో పెట్టాం. పాత ఇమేజ్ ఉన్న డిస్కును మీరు చెప్పినట్టే పూర్తిగా చెరిపేశాం.