ఈ ఆదివారం ఫోర్ టెట్ విందాం

అందరికీ నమస్తే. ఈ వారం వినడానికి లండన్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ప్రొడ్యూసర్ ఫోర్ టెట్‌ను ఎంచుకున్నాను. అసలు పేరు కీరన్ హెబ్డెన్. కొత్తవాళ్లు 2024 మార్చిలో వచ్చిన 'త్రీ' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. ఎనిమిదే ట్రాకులు, చివరిది మాత్రం ఎనిమిది నిమిషాల పైనే. ఫోన్ స్పీకర్లో వద్దు బాబూ, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

నా మనసు మాత్రం 2015 నాటి 'మార్నింగ్/ఈవెనింగ్' మీదే. ఒక్కోటి ఇరవై నిమిషాల చొప్పున రెండే ట్రాకులు. మొదటిదాంట్లో 1983 నాటి ఒక హిందీ సినిమా పాటలోని లతా మంగేష్కర్ గొంతు బీట్ మీద తేలుతూ వస్తుంది. ఆయన తల్లిది భారతీయ మూలాలున్న కుటుంబం. తాతగారి భక్తి పాటల రికార్డులు తన చేతికి వచ్చాక ఈ ఆలోచన మొదలైందట. అందుకేనేమో, ఎక్కడా అతికించినట్టు అనిపించదు.

మనలో ట్రాకులు చేసేవాళ్లకు ఇంకో సంగతి. స్ట్రీమింగ్ రాయల్టీ, అంటే ఆన్‌లైన్‌లో పాట వింటే వచ్చే డబ్బులో కళాకారుడి వాటా మీద, ఆయన తన పాత లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) డొమినోతో కోర్టుకెళ్లారు. వాళ్లు లెక్కగట్టింది 18 శాతం, ఆయన అడిగింది 50. గొడవ నడుస్తుండగా మూడు ఆల్బమ్‌లు స్ట్రీమింగ్ నుంచి మాయమయ్యాయి కూడా. 2022లో రాజీ కుదిరి 50 శాతమే ఖాయమైంది. 'త్రీ' వచ్చింది ఆయన సొంత లేబుల్ టెక్స్ట్ రికార్డ్స్ నుంచే.

మీలో ఎవరైనా లేబుల్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టబోతుంటే, ముందు ఆ స్ట్రీమింగ్ వాటా ఎంతో చదవండి. అర్థం కాకపోతే ఆ పేజీ ఫొటో గ్రూపులో కాదు, నాకు విడిగా పంపండి.