సోమశిల ఒడ్డును కాపాడండి సార్

నాగర్‌కర్నూల్ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

మాది కొల్లాపూర్ మండలం సోమశిల. తెలంగాణకు సముద్రం లేకపోయినా, శ్రీశైలం ప్రాజెక్టు నిండిన ఏడు మా ఊరి ముందు కృష్ణమ్మ కనుచూపు మేర పరుచుకుంటుంది. ఆదివారం వస్తే ఒడ్డంతా హైదరాబాద్ బండ్లే. సోమవారం మళ్లీ ఊరు మాదే. తెల్లారగానే పుట్టీలు ఒడ్డుకు చేరతాయి. వలలో ఇంకా కొట్టుకుంటున్న బొచ్చె, రవ్వ చేపల్ని అక్కడికక్కడే తూకం వేయించుకుని ఇంటికి తెచ్చుకుంటాం. మధ్యాహ్నానికి వీధంతా చింతపులుసు వాసన! ఎండాకాలం నీళ్లు బాగా తగ్గితే అవతలి గట్టున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఈ సుఖం పట్నంలో లక్షలు పోసినా దొరకదు.

టూరిస్టులు రావాలి సార్, చేపల వేపుడు అమ్మే మా ఆడవాళ్లకు వాళ్లే ఆధారం. కానీ ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు నీళ్లలోకి పోతున్నాయి. ఘాట్ దగ్గర చెత్తకుండీలు పెట్టించండి. పడవ ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, పిల్లల సైజువి కూడా. ఒడ్డున రిసార్టులకు అనుమతి ఇస్తే, పుట్టీలు ఆపుకునే జాగాను మాత్రం మత్స్యకారులకే వదిలేయండి.

ఇట్లు,
సోమశిల గ్రామస్తుడు